బొంత మీద మేస్త్రి గీతలు

మేస్త్రి గీసిన గీతకు ముప్పై రెండేళ్ళలో ఎవరూ వంక పెట్టలేదు. తలుపు చెక్క మీదైనా బీరువా పలక మీదైనా ఆయన పెన్సిలు ఆనించి ఒక్క లాగు లాగాడంటే, దాని వెంబడి రంపం కళ్ళు మూసుకుని నడిచిపోయేది. అలాంటి మనిషిని ఒక సాయంత్రం సొంత ఇంట్లో సొంత భార్య, జానెడు గుడ్డపేలిక చేత పట్టుకుని కడిగిపారేసింది.

"ఏమయ్యా మేస్త్రీ, ఇది దూలం అనుకున్నావా, ఇంత నొక్కి గీశావు? ఈ పెన్సిలు మసి ఏ నీళ్ళకీ పోదు. నేను కుట్టిన బొంతల్లో గీత కనపడే బొంత ఒక్కటంటే ఒక్కటుందా?"

మేస్త్రి నోరు తెరిచాడు. "అంటే, నువ్వు కూడా గీతలు గీసేదానివా?"

"లేకపోతే ఆ కుట్లన్నీ వాటంతటవే వచ్చి వరసలో నిలబడ్డాయనుకున్నావా?"

నిజం చెప్పాలంటే ఆయన అలాగే అనుకున్నాడు. పెళ్ళయిన ఏడాది నుంచీ ఆవిడ కుట్టిన బొంతలే కప్పుకుంటున్నాడు. పై గుడ్డా, మధ్యలో దూది పొరా, కింద అస్తరూ కలిపి పట్టే ఆ సన్నటి కుట్లు అంత తిన్నగా ఎలా సాగుతాయని ఒక్క రోజూ అడగలేదు. కొయ్య మీద కొలతలతో బతికేవాడికి ఆ అనుమానమైనా రాకపోవడం ఆయనకే సిగ్గనిపించింది.

సిగ్గు సంగతి అటుంచితే, ఆ తిట్లు చెవిన పడుతుంటే లోలోపల మురిసిపోయాడు కూడా. ఆరు నెలల కిందట ఆ నోట ఒక్క ముక్క తిన్నగా రాలేదు.

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. ఆవిడ పాల ప్యాకెట్ల కోసం వెళ్ళి, రెండు వీధుల అవతల లాండ్రీ ముందు గొడుగుతో సహా కుప్పకూలింది. జనం మూగారు. ముఖాన నీళ్ళు కొట్టమని ఒకరు, సోడా తాగించమని ఒకరు, నీరసమే, కాసేపు పడుకోబెడితే సర్దుకుంటుందని ఇంకొకరు. లాండ్రీ నడిపే ఆవిడ వంగి చూసింది. మూతి ఒక పక్కకి లాగుతోంది, కుడిచెయ్యి వాలిపోతోంది. ఇక ఎవరి మాటా చెవిన పెట్టలేదు. చేస్తున్న ఇస్త్రీ అలాగే వదిలేసి, బట్టలు చేరవేసే వ్యానులో మూటల మధ్య పడుకోబెట్టి, తనే తోలుకుంటూ ఆసుపత్రికి చేర్చింది. మేస్త్రి వొళ్ళంతా రంపపు పొట్టుతో పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి మందు ఎక్కుతోంది.

"ఇంకో గంట ఆలస్యమైతే మీతో వేరే మాట చెప్పాల్సి వచ్చేది" అన్నాడు డాక్టరు.

నెల తిరిగేసరికి ఆవిడ కాలు కూడదీసుకుంది. నోటికైతే అంతకు ముందే పూర్తి ఆరోగ్యం వచ్చేసింది, ఆ విషయంలో మేస్త్రికి ఎలాంటి అనుమానమూ లేదు. కుడిచెయ్యే మొరాయించింది. రోజుకు నాలుగుసార్లు రబ్బరు బంతి పిసకమన్నారు. పిసికి పిసికి ఆవిడకు విసుగెత్తింది. అది చూసి వ్యాయామం చేయించే అమ్మాయి, "మీ చేతికి బాగా అలవాటైన పని ఏదైనా ఉందా అమ్మా?" అని అడిగింది.

"బొంత" అంది ఆవిడ, ఆలోచించకుండా.

ఇంటికొచ్చి పెట్టె తెరిపించింది. జబ్బు పడకముందే మిషను మీద జోడించి ఉంచిన పై గుడ్డ అందులో ఉంది. మీగడ రంగు చదరం పక్కన ముదురు నీలం చదరం, ఆరు వరసలు, వరసకు ఆరు. "ఇది లాండ్రీ అమ్మాయికి. ఆ తరవాతే ఎవరికైనా" అంది. అప్పటిదాకా ఆ అమ్మాయికి చెప్పకూడదని కూడా షరతు పెట్టింది.

సూది పట్టడం వచ్చింది. ఒకప్పుడు ఒక పూటలో మూరలకొద్దీ సాగే కుట్టు ఇప్పుడు జానెడు సాగడానికి గంట పడుతోంది, అయినా వంకర పోవడం లేదు. గీతే గీయలేకపోయింది. ఎడమచేత్తో స్కేలు అదిమి కుడిచేత్తో సుద్దముక్క లాగబోతే, మూడు అంగుళాలు పోయేసరికి వేళ్ళు వదిలేస్తున్నాయి. గీతలు గీసే ఉద్యోగం అలా మేస్త్రికి పడింది. మొదటి రోజే పెన్సిలుతో పేలిక పాడుచేసి చీవాట్లు తిన్నాడు.

"పేలికే కాబట్టి సరిపోయింది. ఏది పట్టుకున్నా ముందు పేలిక మీద గీయాలి, చెరపాలి, చెరిగిందో లేదో వెలుతుర్లో చూడాలి. ఆ తరవాతే బొంత జోలికి రావాలి" అని ఆవిడ చట్టం చేసింది.

మర్నాడు మేస్త్రి గుండీలూ లేసులూ అమ్మే కొట్టుకు వెళ్ళాడు. ఆడవాళ్ళ మధ్య నిలబడి గొంతు తగ్గించి, "గీస్తే కనపడాలి, తరవాత కనపడకూడదు, అలాంటిదేమైనా ఉందా?" అన్నాడు. కొట్టతను నవ్వకుండా నాలుగు రకాలు తీసి ముందు పెట్టాడు. మేస్త్రి నాలుగూ కొనుక్కుని, ఉలి కొన్నప్పటికన్నా జాగ్రత్తగా జేబులో పెట్టుకుని వచ్చాడు.

తెల్లసుద్ద నీలం పేలిక మీద చక్కగా పడింది. కానీ ఆవిడ కుట్టే వేగానికి అది ఆగలేదు. పేలిక ఒళ్ళో ఇటు తిప్పి అటు తిప్పేసరికి సగం గీత చీరకు అంటుకుపోయింది. "చెయ్యి చురుగ్గా ఉన్నప్పుడు నాకు ఇదే చాలేది" అంది, ఆ మాట దగ్గర కాస్త ఆగి.

వంగపండు రంగు పెన్ను ఇంకా విచిత్రం. మేస్త్రి పొద్దున్నే పేలిక నిండా గీతలు గీసి, మెచ్చుకోళ్ళ కోసం బల్ల మీద పరిచి పనికి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి చూస్తే గుడ్డ కడిగిన ముత్యంలా ఉంది.

"ఎవరు చెరిపారు?"

"గాలి. అది గాలికే పోయే పెన్ను. ఒక్క పూటలో కుట్టేసేవాళ్ళకి పనికొస్తుంది. నా కుట్టు మొదలయ్యేలోపే నీ గీత ఊరు దాటిపోతుంది."

మూడోది మేస్త్రికి తెగ నచ్చింది. ఇస్త్రీపెట్టె తగిలిందో లేదో గీత మాయం. రెండుసార్లు గీసి రెండుసార్లు మాయం చేసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆవిడ మాత్రం నీలం పేలికను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. గీత పోయినచోట తెల్లటి చార మిగిలింది. మీగడ రంగు పేలికను మడిచి ఫ్రిజ్‌లో మంచుగడ్డల పక్కన పెట్టింది. మర్నాడు తీస్తే, పోయాయనుకున్న గీతలన్నీ సావకాశంగా తిరిగొచ్చి కూర్చున్నాయి.

"చూశావా? చలికాలం పొద్దున్న ఆ అమ్మాయి బొంత తీసి చూసుకుంటే దాని నిండా నీ గీతలుంటాయి. వద్దు."

మిగిలింది నీలం సిరా పెన్ను. చన్నీళ్ళు తగిలితే చాలు, కరిగిపోతుంది. ఎన్నాళ్ళయినా దానంతటది పోదు. మీగడ చదరాలకు అదే ఖాయం చేసింది. నీలం చదరాల మీద నీలం ఎలాగూ కనపడదు. వాటికి ఆవిడ స్నానాల గదిలోంచి అరిగి కాగితంలా పలచబడ్డ సబ్బుపెచ్చు తెచ్చి ఇచ్చింది. దాని అంచుతో గీస్తే సుద్ద కన్నా సన్నటి తెల్లగీత పడింది, అంత తొందరగా రాలలేదు కూడా. కొన్నవాటిలో మూడు ఓడిపోయి, పారేయాల్సింది గెలవడం చూసి మేస్త్రికి నవ్వొచ్చింది.

పని మొదలైంది. మేస్త్రి చెక్కపని చేసే షెడ్డు నుంచి రాగానే చేతులు మోచేతుల దాకా కడుక్కుని, బల్ల మీద బొంతలో ఒక చదరం పరిచి గీసేవాడు. నొక్కకుండా గీయడం నేర్చుకోవడానికి ఆయనకు వారం పట్టింది. అన్నేళ్ళు కొయ్యను లొంగదీసిన చెయ్యి గుడ్డ ముందు వినయంగా ఉండాల్సి వచ్చింది. ఆవిడ పక్కన కూర్చుని, "అక్కడ ఆగు, ఆ మూల కలవాలి, గుడ్డని సాగదీయకు" అంటూ ఉండేది. ఒక్కోసారి పని ఆపి పాత బొంతలు తెచ్చి ఏ గీత ఎలా వేసిందో చూపించేది. "ఇది మన అబ్బాయికి పళ్ళొచ్చే రోజుల్లో కుట్టింది, అందుకే కుట్లు హడావుడిగా ఉన్నాయి. ఇది నీ కాలు విరిగి మంచంలో ఉన్నప్పటిది, ఎంత తిన్నగా ఉందో చూడు, నువ్వు కదల్లేదు కాబట్టి ఇంట్లో ప్రశాంతంగా ఉంది" అనేది. మేస్త్రి ఆ కుట్ల మీద వేలు పెట్టి నడిపేవాడు. తనకు వెచ్చదనం అమరడానికి ఇంత పని జరిగిందా అనిపించేది. పైకి మాత్రం, "బానే ఉంది" అనేవాడు.

సగం బొంత పూర్తయిన రోజుల్లో ఆ పొరపాటు జరిగింది.

ఆవిడ వ్యాయామానికి ఆసుపత్రికి వెళ్ళింది. మేస్త్రికి ఆ పూట పని లేదు. కుట్టిన భాగం ముడతలు పడి ఉంది. వచ్చేసరికి నున్నగా చేసిపెడితే సంతోషిస్తుందనుకుని ఇస్త్రీపెట్టె వేడెక్కించాడు. వేడికి గీత పోయే పెన్ను ఒకటి, నీళ్ళకు పోయే పెన్ను ఒకటి అని ఆయనకు తెలుసు. ఆ క్షణాన ఆ రెండూ బుర్రలో కలిసిపోయాయి. వేడి తగిలితే గీతలు కూడా పోతాయి, ఒక దెబ్బకు రెండు పనులు అనుకున్నాడు. రెండు మీగడ చదరాలు రుద్దాక పెట్టె ఎత్తి చూశాడు. నీలం గీతలు పోలేదు. పోకపోగా టీ మరకల్లా గోధుమ రంగుకు తిరిగాయి. తడిగుడ్డతో తుడిచాడు. కదల్లేదు.

బొంత మడిచి పెట్టి కాసేపు కుర్చీలో కూలబడ్డాడు. తరవాత మేస్త్రి బుర్ర పనిచేసింది. ఒక పేలిక మీద అదే పెన్నుతో గీసి, అదే ఇస్త్రీపెట్టెతో రుద్ది, అదే మరక తయారుచేశాడు. ఆ పేలిక జేబులో పెట్టుకుని మరకల సంగతి తెలిసిన మనిషి దగ్గరికి బయలుదేరాడు. ఊళ్ళో అలాంటి మనిషి ఒక్కరే.

"రండి అన్నయ్యా, వదినకెలా ఉంది?" అంది లాండ్రీ ఆవిడ, ఆవిరి మధ్య నుంచి తలెత్తి.

"బావుంది చెల్లెమ్మా. చిన్న పని. ఈ మరక పోతుందా?"

ఆవిడ పేలికను తిప్పి చూసింది. "నీళ్ళకి పోయే పెన్నుతో గీసి, తడపకుండా ఇస్త్రీ చేశారు. వేడి తగిలితే ఈ సిరా గుడ్డలో పాతుకుపోతుంది. ఎవరీ ఘనకార్యం చేసింది?"

"తెలిసినవాళ్ళు ఒకరు."

"ఆ తెలిసినవాళ్ళని ఇస్త్రీపెట్టె దగ్గరికి రానివ్వకండి" అంటూ గిన్నె నిండా చన్నీళ్ళు పోసి అందులో పేలిక ముంచింది. "ముందు సబ్బుపొడి వేయకూడదు, ఉత్త చన్నీళ్ళే. నీళ్ళు మారుస్తూ ఒక పగలంతా నానాలి. అయినా పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను. ఇంతకీ ఈ పేలికతో మీకేం పని? పారేసి ఇంకోటి చింపుకోక."

"అదీ... కొలతకి కావాలి" అని మేస్త్రి గోడ వైపు చూశాడు. అక్కడ కొక్కేనికి బూడిదరంగు కోటు ఒకటి వేలాడుతోంది. వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు, నల్లగా, ముక్కుతో సహా. మాట మార్చడానికి మంచి అవకాశం దొరికింది. "వాళ్ళని అంటున్నావు, నీ కొట్లో కూడా కాలుతాయన్నమాట!"

ఆవిడ కోటు వంక చూసింది. "ఒక్కసారే కాలింది. వదిన పడిపోయిన రోజు. పెట్టె దాని మీదే వదిలేసి వచ్చాను. తిరిగొచ్చేసరికి కొట్టంతా పొగ."

మేస్త్రి కోటు దగ్గరికి వెళ్ళి ఆ అచ్చును తడిమాడు. ఎనిమిది నెలలుగా ఆ కోటు అక్కడే ఉంది. ఎనిమిది నెలల్లో తను ఆ వీధిన ఎన్నిసార్లు పోయాడు!

"కోటు ఆసామి ఏమన్నాడు?"

"తిట్టడం మొదలెట్టాడు. సంగతి చెప్పాక ఆపేశాడు. కోటు వద్దన్నాడు. చలేస్తే నేనే తొడుక్కుంటున్నా, బావుంది."

"మాకొక్క మాట చెప్పలేదే!"

"చెబితే మీరు బాధపడతారు. కోటు కాలింది, మనిషి దక్కింది. ఇందులో చెప్పడానికేముంది?" అని పేలిక నీళ్ళలో ఇంకోసారి జాడించింది. మేస్త్రి బయలుదేరుతుంటే వెనక నుంచి పిలిచింది. "అన్నయ్యా, ఆ తెలిసినవాళ్ళని ఇంట్లో ఇవాళే చెప్పమనండి. ఆలస్యమైన కొద్దీ ఈ మరక మొండికేస్తుంది."

ఇంటికెళ్ళి మేస్త్రి అంతా చెప్పేశాడు, ఇస్త్రీపెట్టె సంగతీ, కోటు సంగతీ కూడా. తిట్లకు సిద్ధపడి తలొంచుకున్నాడు. ఆవిడ మరకల వంక చూడనే లేదు. "కోటు కాలిందా?" అని రెండుసార్లు అడిగింది. కళ్ళు తుడుచుకుని, "బకెట్లో చన్నీళ్ళు పట్టు" అంది.

బొంతలో ఆ మూలను మర్నాడు పగలంతా నానబెట్టారు. మేస్త్రి షెడ్డుకు సెలవు పెట్టి గంటగంటకూ నీళ్ళు మార్చాడు. ఒక చదరం తేటపడింది. రెండో దాంట్లో లేత చార ఒకటి ఉండిపోయింది. వెతికితేగాని కనపడదు, వెతికితే మాత్రం దొరుకుతుంది.

"ఇక మీగడ చదరాల మీద సిరా పెట్టనివ్వను. నిన్ను నమ్మినా ఇస్త్రీపెట్టెని నమ్మను" అంది ఆవిడ. పక్కనున్న మందు చెంచాను తీసి తిరగేసి, దాని కాడ కొసతో గుడ్డ మీద ఒత్తి గీసింది. రంగు లేదు, పొడి లేదు, గుడ్డలోనే చిన్న గాడి పడింది. "రంగు లేకుండా గాడి పెట్టే పనిముట్టు కూడా ఉంటుందట. కొట్లో చూశావా?"

"కొట్టెందుకు? నేను లేనా?"

రెండు రోజులు మేస్త్రి షెడ్డులో వేరే పని ముట్టుకోలేదు. గట్టి కొయ్య చూసుకుని, అరచేతిలో ఇమిడేంత బిళ్ళ చెక్కాడు. ఒక అంచు గుండ్రంగా పలచన చేసి, గుడ్డ తెగకుండా, దారం లేవకుండా, సన్న ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నున్న చేశాడు. భార్య పిడికిలి కొలత ఆయన చేతికి ముప్పై ఏళ్ళుగా తెలుసు. పిడి ఆ కొలతకే తీశాడు.

ఆవిడ దాన్ని పేలిక మీద చూసింది. తరవాత బొంత మీద మీగడ చదరం బల్లకు సరిచేసుకుంది. మేస్త్రి స్కేలు అందుకోబోతుంటే, "ఉండు" అంది. ఎడమ అరచేత్తో స్కేలు అదిమి, కొయ్యబిళ్ళను కుడి పిడికిట పట్టి తన వైపుకు లాగింది. పెన్నులా వేళ్ళ కొసల మీద నిలబెట్టాల్సిన పనిముట్టు కాదది. మొత్తం చేత్తో పట్టుకోవచ్చు. బిళ్ళ మధ్యలో ఒకసారి ఆగింది. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ కదిలి చివరిదాకా వచ్చింది.

గుడ్డ మీద తిన్నటి గాడి. మేస్త్రి వంగి ఒక కన్ను మూసి, చెక్క అంచు చూసినట్టు చూశాడు. వంక లేదు.

"ఏమయ్యా, మాట్లాడవేం?"

ఆయన స్కేలు పక్కన పెట్టాడు. "నా కన్నా బాగా వచ్చింది."

ఆ పూట నుంచి మీగడ చదరాల ఉద్యోగం ఆయనకు పోయింది. సబ్బుగీతల వరకు మిగిలింది. గాడి మరీ ఎక్కువసేపు నిలవదు కాబట్టి ఆవిడ ఒక గీత గీసి దాన్ని కుట్టుకుని, మళ్ళీ ఇంకోటి గీసేది. మసక వెలుతుర్లో కూడా వేలితో తడిమి గాడి ఎటు పోతోందో చూసుకునేది. మేస్త్రి ఎదురుగా కూర్చుని సూదుల్లోకి దారం ఎక్కించి పెట్టేవాడు. ఆ గదిలో ఆ సాయంత్రాలు ఆయనకు ఎంత బావున్నాయంటే, ఎవరికి దండం పెట్టాలో తెలియక, దారం ఎక్కిన ప్రతి సూదినీ శ్రద్ధగా దిండుకు గుచ్చేవాడు.

రెండు నెలలకు బొంత పూర్తయింది. చన్నీళ్ళలో తడిపి, నీడలో ఆరేసి, ఇస్త్రీపెట్టె దరిదాపులకు రానివ్వకుండా మడతపెట్టారు. ఆవిడ పడిపోయిన తరవాత మొదటిసారి ఆ రెండు వీధులూ తన కాళ్ళ మీద నడిచింది. బొంత మోస్తానంటే మేస్త్రికి ఇవ్వలేదు.

లాండ్రీ ఆవిడ ఇస్త్రీ ఆపి, స్విచ్చి తీసేసి వచ్చింది. మేస్త్రి భార్య చేతికిచ్చిన బొంత విప్పి కౌంటరు మీద పరిచింది. రోజూ చేసే పని అదే కాబట్టి వేళ్ళు వాటంతటవే గుడ్డను తడుముతూ పోయి, మూలనున్న ఒక చదరం దగ్గర ఆగాయి. అక్కడి లేత చారను చూసి తలెత్తింది.

"అన్నయ్యా! ఆ తెలిసినవాళ్ళు మీరేనా?"

ముగ్గురూ నవ్వారు. అందరికన్నా గట్టిగా మేస్త్రి భార్య నవ్వింది. తరవాత లాండ్రీ ఆవిడ చెయ్యి తన కుడిచేతిలోకి తీసుకుని, "అమ్మాయ్, ఈ చెయ్యి నువ్విచ్చిందే. మొదటి పని నీకే చెయ్యాలనుకున్నా. కోటు సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు" అంది.

లాండ్రీ ఆవిడ ఆ చేతిని వదల్లేదు. "వదినా, ఒక మాట చెప్పనా? మా అమ్మక్కూడా అచ్చం అలాగే వచ్చింది. మూతి లాగింది, చెయ్యి వాలింది. నీరసమన్నారు, సోడా పట్టారు, పడుకోబెట్టారు. మేం ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి పొద్దుపోయింది, అమ్మ దక్కలేదు. అప్పుడు నాకేం తెలియదు. మిమ్మల్ని వ్యానులో వేసుకుని వెళ్తున్నంతసేపూ, ఈసారైనా, ఈసారైనా అనుకుంటూనే ఉన్నా. మీరు లేచి తిరుగుతున్నారు చూడండి, అది మీరు నాకు చేసిన మేలు."

మేస్త్రి భార్యకు మాట దొరకలేదు. అలాంటిది మేస్త్రి తన కాపురంలో చాలా అరుదుగా చూశాడు. ఇద్దరు ఆడవాళ్ళూ లోపల బట్టల మూటల మధ్య బెంచీ మీద కూర్చున్నారు. బొంత ఇద్దరి ఒళ్ళోనూ సగం సగం పడి ఉంది. ఏ గీత ఎలా వేసిందో మేస్త్రి భార్య చూపిస్తోంది, లాండ్రీ ఆవిడ అడుగుతోంది.

అంతలో ఎవరో చీటీ పట్టుకుని కొట్లోకి వచ్చారు. లాండ్రీ ఆవిడ లేవబోయింది.

"నువ్వు కూర్చో చెల్లెమ్మా" అని మేస్త్రి కౌంటరు వెనక్కి వెళ్ళాడు. చీటీ మీది నంబరు చదివి, వేలాడుతున్న బట్టల వరసలో వెతకడం మొదలుపెట్టాడు. ఒకసారి ఆ చివరిదాకా పోయాడు, ఒకసారి ఈ చివరిదాకా వచ్చాడు. వచ్చినాయన కాసేపు చూసి, "మీరు ఇక్కడ కొత్తా?" అని అడిగాడు.

"అవునండీ, ఇవాళే చేరాను" అన్నాడు మేస్త్రి సంతోషంగా, "కొంచెం ఆలస్యమవుతుంది, ఏమనుకోకండి."